రత్నాకరుడి ప్రశ్న, లారీ పొగ

కైకలూరు, ఆకివీడు వైపు చెరువు పట్టిన రోజున కాటా దగ్గర ఎవరికీ తీరిక ఉండదు. శీలావతి, బొచ్చె చేపలను తూకం వేసి, ప్లాస్టిక్ ట్రేల్లో ఒక వరుస చేపలు, ఒక వరుస మర ఆడించిన ఐసు పరిచి లారీకి ఎక్కిస్తారు. పైన పట్టా కట్టి తాడు బిగించాక ఇక డ్రైవరుకు గడియారంతోనే పోటీ. రాజమండ్రి, విశాఖపట్నం, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్ దాటి హౌరా మార్కెట్టుకు దాదాపు 1,200 కిలోమీటర్లు. ఐసు కరిగిపోకముందే చేరాలి.

ఆ లారీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 300 లీటర్ల డీజిల్ కావాలి. లీటరు డీజిల్ కిలో బరువైనా ఉండదు, 830 గ్రాములు తూగుతుంది. కాలితే మాత్రం దాని నుంచి దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. సైన్సు చదివినవాళ్లు కూడా మొదట ఈ అంకెను అనుమానంగానే చూస్తారు. మిగతా బరువంతా గాల్లోంచి వచ్చి కలిసిన ఆక్సిజన్‌ది. అంటే కైకలూరు నుంచి హౌరాకు ఒక ట్రిప్పుకు 800 కిలోల వాయువు. లోడులో పది టన్నుల చేప ఉంటే, కిలో చేప వెంట 80 గ్రాముల పొగ ప్రయాణం చేసినట్టు. తిరుగు లోడు దొరక్క బండి ఖాళీగా వస్తే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఈ 800 కిలోలు ఎవరి ఖాతాలో రాయాలి? స్టీరింగు పట్టినవాడిదా, లారీ ఓనరుదా, చేపలు పంపిన రైతుదా, కమీషన్ వ్యాపారిదా, హౌరాలో కొని పులుసు పెట్టుకున్న ఇంటిదా? సరుకు రవాణాలో ఉద్గారాలను తగ్గించడం గురించి జరిగే చర్చలన్నీ బ్యాటరీలు, సబ్సిడీలు, టోల్ రేట్ల చుట్టూ తిరుగుతాయి. అన్నింటికీ కింద ఉన్నది మాత్రం ఇదే ప్రశ్న. ఇది, తర్వాత వాల్మీకి అయిన బోయవాడు రత్నాకరుడు తన ఇంటివాళ్లను అడిగిన ప్రశ్న కూడా.

కథ తెలియని తెలుగువాడు ఉండడు. దారి దోచి కుటుంబాన్ని పోషిస్తున్న రత్నాకరుణ్ని, నారదుడని కొందరూ సప్తర్షులని కొందరూ చెబుతారు, ఎవరో ఒకరు ఆపి అడుగుతారు: నీ సంపాదనలో వాటా తీసుకుంటున్నవాళ్లు నీ పాపంలోనూ వాటా తీసుకుంటారా? అతను ఇంటికి పరుగెత్తి భార్యనూ తల్లిదండ్రులనూ అడుగుతాడు. మమ్మల్ని పోషించడం నీ పని, ఎలా పోషిస్తున్నావో మాకెందుకు అంటారు వాళ్లు. వాల్మీకి రామాయణంలో లేని ఈ పూర్వకథ జనం నోట ఇంతకాలం నిలిచిందంటే, అందులో దొంగతనం కన్నా పెద్ద సమస్య ఏదో ఉందన్నమాట. కథ ఇచ్చే తీర్పు సూటిగానే ఉంది. చేసినవాడిదే కర్మ, తిన్నవాడికి అంటదు.

అయితే మన సంప్రదాయంలోనే దీనికి నేరుగా ఎదురు నిలిచే తీర్పు మరొకటి ఉంది. మాంసం విషయంలో మనుస్మృతి ఐదో అధ్యాయం పాపాన్ని చంపినవాడి దగ్గర ఆపదు. అనుమతి ఇచ్చినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ హంతకులే అంటుంది. ఈ రోజుల్లో మేనేజ్‌మెంట్ పుస్తకాలు సప్లై చెయిన్ అంటున్నది ఇదే. రత్నాకరుడి భార్య ఈ శ్లోకం విని ఉంటే అంత తేలిగ్గా తప్పించుకునేది కాదు.

చిత్రమేమిటంటే, కర్బన లెక్కలు రాసే అకౌంటెంట్లు ఈ రెండు తీర్పులనూ ఒకే పుస్తకంలో పెట్టేశారు. ప్రపంచమంతా కంపెనీలు వాడే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ప్రకారం లారీ ఇంజన్లో కాలిన డీజిల్ లారీ కంపెనీకి స్కోప్ 1, అంటే సొంత చేతి కర్మ. అదే పొగ సరుకు పంపిన కంపెనీకి స్కోప్ 3, అంటే తన కోసం మరొకరి చేత జరిగింది. స్కోప్ 3 లెక్కకు వివరమైన ప్రమాణం 2011లో వచ్చింది. మన దగ్గర సెబీ నిబంధనల ప్రకారం మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా పర్యావరణ, సామాజిక బాధ్యత నివేదిక ఇవ్వాలి. అందులో స్కోప్ 1, స్కోప్ 2 (కొన్న కరెంటు వెనక ఉన్న పొగ) తప్పనిసరి. స్కోప్ 3 ఐచ్ఛికం. అంటే నీ ఫ్యాక్టరీ పొగ చెప్పి తీరాలి, నీ సరుకు మోసిన లారీ పొగ చెప్పినా చెప్పకపోయినా ఫరవాలేదు. రత్నాకరుడి ఇంటివాళ్లకు చట్టం ఇచ్చిన మినహాయింపు అనుకోవచ్చు.

మనువు జాబితాలో ఒక సౌకర్యం ఉంది. ఎనిమిదిమందికీ పాపం పూర్తిగా అంటుతుంది, ఒకరికి రాసినందువల్ల మరొకరికి తగ్గదు. అకౌంటెంట్లకు కూడా ఆ సౌకర్యం ఉంది. ఒకే 800 కిలోలు నాలుగు కంపెనీల పుస్తకాల్లో నాలుగుసార్లు కనిపించినా తప్పు కాదని వాళ్ల ప్రమాణమే ఒప్పుకుంటుంది. డబ్బుకు ఆ వెసులుబాటు లేదు. పన్నుగా ఒక రూపాయి వేస్తే అది ఎవరో ఒకరి జేబులోంచే పోవాలి, ఒకరు కట్టింది మరొకరు కట్టక్కర్లేదు. పాపాన్ని ఎంతమందికైనా పంచిపెట్టే నీతిశాస్త్రం, రూపాయిని ఒక్కసారే ఖర్చు పెట్టగలిగే అర్థశాస్త్రం, ఈ రెండూ తలపడేది లారీ దగ్గరే.

ఎంత కట్టాలన్న దగ్గరే అసలు తిరకాసు. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వల్ల ప్రపంచానికి, ఇప్పుడూ ఇక ముందూ జరిగే నష్టం విలువను అమెరికా ప్రభుత్వం అధికారికంగా లెక్కగట్టేది. ట్రంప్ మొదటి హయాంలో అది టన్నుకు ఒకటి నుంచి ఏడు డాలర్లు. బైడెన్ వచ్చిన కొత్తలో 51 డాలర్లు. 2023లో అక్కడి పర్యావరణ సంస్థ 190 డాలర్లు అంది. 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ వచ్చి ఆ లెక్కలు వేసే బృందాన్నే రద్దు చేశాడు. వాయువు అదే, భూమి అదే, ఉష్ణోగ్రతల శాస్త్రం కూడా కొద్ది తేడాతో అదే. డాలరు 85 రూపాయలనుకుని మన చేపల లారీకి ఈ అంకెలు వేస్తే, ట్రిప్పుకు కట్టాల్సిన కర్బన ఋణం ఒక లెక్కలో ఐదు వందల రూపాయల లోపు, మరో లెక్కలో దాదాపు 3,500, ఇంకో లెక్కలో సుమారు 13 వేలు.

ఇంత తేడా ఎక్కణ్నుంచి వచ్చింది? కొంత సరిహద్దుల నుంచి. ట్రంప్ అధికారులు అమెరికా గడ్డ మీద జరిగే నష్టాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. సుందరవనాల్లో ఊరు మునిగితే అది వాళ్ల లెక్కలో సున్నా. మిగతాదాంట్లో చాలా భాగం కాలం నుంచి వచ్చింది. ఇవాళ వదిలిన పొగ వందేళ్ల తర్వాత చేసే నష్టాన్ని ఇవాళ్టి రూపాయల్లోకి మార్చడానికి అర్థశాస్త్రజ్ఞులు వడ్డీని వెనక్కి తిప్పుతారు. వందేళ్ల తర్వాత జరిగే లక్ష రూపాయల నష్టానికి ఏడాదికి 5 శాతం చొప్పున తరుగు వేస్తే ఇవాళ్టి విలువ సుమారు 760 రూపాయలు. అదే 1.4 శాతం చొప్పున వేస్తే దాదాపు 25 వేలు. ఈ రేటును ఏ థర్మామీటరూ కొలవదు. పుట్టబోయేవాళ్ల బాధను మన బాధతో సమానంగా చూడాలా వద్దా అన్నదానికి మనిషి ఇచ్చుకునే జవాబే ఆ రేటు.

కేంబ్రిడ్జి గణితవేత్త ఫ్రాంక్ రామ్సే 1928లోనే, పాతికేళ్ల వయసులో, ఈ విషయం తేల్చిపారేశాడు. రాబోయే తరాల సుఖాన్ని, అది తర్వాత వస్తుందన్న ఒక్క కారణంతో తక్కువ చేసి చూడడాన్ని నైతికంగా సమర్థించలేమని, మన ఊహాశక్తి చాలకపోవడమే అందుకు కారణమని అతని వాదన. రెండేళ్లు తిరక్కుండానే చనిపోయాడు. 2006లో బ్రిటిష్ ప్రభుత్వం కోసం వాతావరణ మార్పు మీద నివేదిక రాసిన నికోలస్ స్టెర్న్ దాదాపు అదే బాట పట్టాడు. కేవలం కాలం పేరుతో వేసే తరుగును ఏడాదికి 0.1 శాతానికి కుదించాడు. అది కూడా మానవజాతే మొత్తంగా తుడిచిపెట్టుకుపోయే అవకాశం ఉంది కాబట్టి! 2018లో నోబెల్ అందుకున్న విలియం నార్డ్‌హాస్ దీన్ని ఒప్పుకోలేదు. తత్వవేత్త సింహాసనమెక్కి రేటు నిర్ణయించడం కాదు, మనుషులు మార్కెట్లో తమ డబ్బుతో నిజంగా ఎలా ప్రవర్తిస్తున్నారో చూసి రేటు తీసుకోవాలన్నాడు. పైగా రాబోయే తరాలు మనకన్నా ధనవంతులై ఉంటారు కదా, పేదవాళ్లమైన మనం వాళ్ల కోసం ఎంత త్యాగం చేయాలి అన్న ప్రశ్న కూడా అటువైపు ఉంది. దాన్ని కొట్టిపారేయడం అంత సులువు కాదు. మనదేశంలో ఒక్క లారీ మీద బతికే ఓనరు మనవడు అతనికన్నా బాగా బతికే అవకాశమే ఎక్కువ.

పితృఋణం అన్న భావన ఇక్కడ పనికొస్తుంది. బ్రాహ్మణుడు దేవతలకు, ఋషులకు, పితరులకు అప్పుపడి పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. పితరుల అప్పు తీరేది సంతానం వల్ల. విచిత్రమైన అప్పు ఇది. ఇచ్చినవాడు వెనక ఉన్నాడు, చెల్లించాల్సింది ముందువాడికి. ముందువాడు నీకన్నా ధనవంతుడా పేదవాడా అన్న విచారణ అందులో లేదు. తాత తవ్వించిన చెరువు నీళ్లు వాడుకున్నవాడు, నా మనవడికి బోరు ఉంటుందిలే అని చెరువు పూడ్చేస్తే అప్పు తీరినట్టు కాదు. నార్డ్‌హాస్ ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. కానీ వడ్డీ రేటు ఒక్కటే తరాల మధ్య సంబంధాన్ని తేల్చగలదన్న నమ్మకాన్ని ఇది కొంత కదిలిస్తుంది.

అయితే ఈ ఋణం అందరి మీదా ఒకే బరువున పడుతుందా? 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకంలో, బతకడానికి వదిలే పొగను విలాసానికి వదిలే పొగతో కలిపి కూడడమే అన్యాయమని వాదించారు. పేద రైతు వరి మడిలోంచి వచ్చే మీథేన్, అమెరికావాడి పెద్ద కారులోంచి వచ్చే పొగ ఒకటి కాదు. బలమైన మాట అది. తర్వాతి వాతావరణ చర్చల్లో భారత్ వైఖరికి వెన్నెముక కూడా అయింది. కానీ లారీని ఏ గదిలో కూర్చోబెట్టాలి? అదే జాతీయ రహదారి మీద ఒక బండిలో రేషను బియ్యం పోతుంది, వెనకబండిలో బంగళాకు వేయించే పాలరాయి పోతుంది, ఆ వెనక విశాఖ ఓడరేవుకు అమెరికా ప్లేటులోకి చేరబోయే వెనామీ రొయ్య పోతుంది. సైలెన్సర్లోంచి వచ్చే పొగ మీద బతుకుదెరువుదా, విలాసానిదా అన్న ముద్ర ఉండదు. ఉన్నదల్లా డ్రైవరు బత్తా, ఓనరు కిస్తీ. వాళ్లిద్దరి వైపు నుంచి చూస్తే పాలరాయి లోడు కూడా బతుకుదెరువే.

కిస్తీ అన్న మాట వచ్చింది కాబట్టి ఓనరు సంగతి చూడాలి. దేశంలో లారీ ఓనర్లలో నాలుగింట మూడు వంతులు ఐదు లోపు బళ్లున్నవాళ్లేనని రవాణా రంగంలో తరచు వినిపించే అంచనా. ఒక్క బండి ఉన్నవాళ్లు, నిన్నటిదాకా డ్రైవర్లుగా ఉండి ఫైనాన్సులో సెకండ్‌హ్యాండ్ బండి తీసుకున్నవాళ్లు వీళ్లలో చాలామంది. కిరాయి వీళ్లు చెప్పేది కాదు. బుకింగ్ ఆఫీసులో బ్రోకరు చెప్పేది. డీజిల్, టోల్, బత్తా, టైర్లు, ఇన్సూరెన్సు, దారి ఖర్చులు, కిస్తీ పోను మిగిలిందే లాభం. అలాంటివాడి దగ్గరకు వెళ్లి కరెంటు లారీ కొను, కిలోమీటరు ఖర్చు సగానికి తగ్గుతుందని చెబితే అతను నవ్వుతాడు. చెప్పినమాట అబద్ధం కాదు. డీజిల్ కన్నా కరెంటు నిజంగానే చవక. కానీ బండి ధర డీజిల్ లారీకి రెండు మూడింతలు. ఆ తేడాను ఏళ్ల తరబడి ఇంధనంలో మిగుల్చుకుని రాబట్టుకోవాలి. పెద్ద కంపెనీకి బ్యాంకు తక్కువ వడ్డీకి ఇస్తుంది, దానికి ఆ లెక్క కిట్టుబాటు అవుతుంది. పాత బండి మీద ఎక్కువ వడ్డీ కట్టేవాడికి ఎనిమిదో ఏట వచ్చే పొదుపు, వందేళ్ల తర్వాతి నష్టం లాగే, చిన్నదై కనిపిస్తుంది.

రామ్సే మాట ఇక్కడ అన్వయించి చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. ఈ ఓనరుకు ఊహాశక్తి తక్కువా? కూతురి చదువు కోసం రాత్రంతా బండి నడిపేవాడు భవిష్యత్తును చూడలేనివాడా? అతనికి లేనిది చవక అప్పు. పేదరికం మనిషి చేత భవిష్యత్తుకు ఎక్కువ తరుగు వేయిస్తుంది. దాన్ని అతని స్వభావంగా చదివి, మార్కెట్లో మనుషులు నిజంగా ఇలాగే ఉన్నారు అని రేటు తీసుకుంటే, అవసరాన్ని ఇష్టమని పొరబడ్డట్టే.

కేంద్రం 2025 జులైలో పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద కరెంటు లారీలకు మొదటిసారి ప్రోత్సాహకం ప్రకటించింది. దేశం మొత్తం మీద సుమారు 5,600 బళ్లకు, ఒక్కోదానికి గరిష్ఠంగా 9.6 లక్షలు. అందుకోవాలంటే పాత డీజిల్ లారీని తుక్కుకు పంపిన సర్టిఫికెట్ చూపాలి. మంచి ప్రయత్నమే. ఎవరికి ఉపయోగమంటే, సిమెంటు ఫ్యాక్టరీ నుంచి రైల్వే సైడింగుకు, ఓడరేవు నుంచి గోడౌనుకు, రోజూ ఒకే దారిలో తిరిగే బళ్లున్నవాళ్లకు. ఐసు కరుగుతుండగా 1,200 కిలోమీటర్లు పోయే చేపల లారీకి కాదు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. మన గ్రిడ్డులో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. నిండు లోడుతో పెద్ద కరెంటు లారీ కిలోమీటరుకు ఒకటింబావు యూనిట్ పైనే తాగుతుంది. అంటే కిలోమీటరుకు 0.9 కిలో. డీజిల్ లారీ లీటరుకు మూడు కిలోమీటర్లే ఇచ్చినా వదిలేది అంతే. ఊళ్లో పొగ తగ్గుతుంది, నిజమే. వాతావరణం సంగతి రామగుండంలోనూ సింహాద్రిలోనూ బొగ్గు ఎప్పుడు తగ్గుతుందన్నదాని మీద ఆధారపడి ఉంది. ఇవాళ కొన్న బండి పదేళ్లు తిరుగుతుంది కాబట్టి, గ్రిడ్డు మెరుగైనకొద్దీ అదీ మెరుగవుతుందన్నది అనుకూల వాదన.

ఇక పన్నులు. ఆంధ్రప్రదేశ్‌లో పాత వాహనాల మీద గ్రీన్ ట్యాక్సు ఏడాదికి ఇరవై వేల దాకా పోయి, లారీ ఓనర్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, 2025లో ప్రభుత్వం దాన్ని గరిష్ఠంగా మూడు వేలకు తగ్గించింది. ఓనర్లకు ఊరటే. పర్యావరణవాదులు బాధపడాలా? అక్కర్లేదనిపిస్తుంది. ఎందుకంటే ఆ పన్ను బండి వయసు మీద వేసింది, పొగ మీద కాదు. షెడ్డులో ఉన్న బండీ, నెలకు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగిన బండీ ఒకటే కట్టేవి. పాత బండి ఎవరి దగ్గర ఉంటుంది? కొత్తది కొనలేనివాడి దగ్గర. పేరులో పచ్చదనం ఉన్నంత మాత్రాన అది పొగ లెక్క కాదు.

ధర్మశాస్త్రాల్లో నేరానికి రెండు రకాల చెల్లింపులు ఉన్నాయి. రాజు వేసే దండం ఖజానాకు పోతుంది. ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాణ్ని మార్చడానికి. రెండూ ఒకటి కావు. డీజిల్ మీద కేంద్ర ఎక్సైజు, రాష్ట్ర వ్యాట్ కలిపి చూస్తే 2025 నాటికి ఆంధ్రాలో లీటరు ధరలో మూడో వంతుకు పైనే పన్ను. 190 డాలర్ల లెక్కన లీటరుకు పడాల్సిన కర్బన ఋణం 43 రూపాయలు. రెండూ మరీ దూరం కాదు. కాబట్టి లారీ ఓనరు తన పొగకు ఇప్పటికే కట్టేశాడని వాదించేవాళ్లున్నారు. లెక్క ప్రకారం అందులో విషయం ఉంది. కానీ ఆ డబ్బు రోడ్లకు, జీతాలకు, పథకాలకు పోతోంది. ప్రజలను కాపాడని రాజుకు వాళ్ల అధర్మంలో ఆరో వంతు అంటుతుందని మనుస్మృతే అంటుంది. డీజిల్‌లో మూడో వంతు తీసుకునే రాజుకు పొగలో ఎంత అంటాలి? పక్క రాష్ట్రంలో వ్యాట్ తక్కువని కర్ణాటక సరిహద్దు దాటాక ట్యాంకు నింపుకునే ఆంధ్రా లారీలను చూస్తే ఇంకో సంగతీ అర్థమవుతుంది. పన్ను మనిషిని మారుస్తుంది. కొన్నిసార్లు బంకును మాత్రమే.

ప్రాయశ్చిత్తానికి కూడా అడ్డదారులు ఎప్పటినుంచో ఉన్నాయి. కఠినమైన వ్రతం చేయలేనివాడు గోదానం చేయవచ్చన్నారు. గోవు లేకపోతే దాని మూల్యం ఇవ్వవచ్చన్నారు. చివరికి ఆ మూల్యం కర్మకాండల్లో పురోహితుడి చేతిలో పెట్టే కొద్ది రూపాయలకు దిగింది. ఇవాళ పెద్ద రవాణా కంపెనీలు సరుకుతో పాటు అమ్మే కార్బన్ ఆఫ్‌సెట్లు ఆ తోవలోనే నడుస్తున్నాయి. ఎక్కడో మొక్కలు నాటించామని సర్టిఫికెట్ వస్తుంది, లారీ మాత్రం అదే డీజిల్ తాగుతుంది. అన్నీ బూటకాలని అనలేం. కానీ వ్రతం చేయగలిగినవాడు కూడా గోమూల్యంతో సరిపెట్టుకుంటుంటే అనుమానించాల్సిందే.

డబ్బు ఎవరి దగ్గర తీసుకున్నామన్నదానికన్నా, తీసుకుని ఏం చేశామన్నదే జనం చూస్తారని ఐరోపా అనుభవం చెబుతుంది. ఫ్రాన్స్ భారీ లారీల మీద కిలోమీటరు చొప్పున ఎకోట్యాక్సు వేయబోయింది. దేశానికి ఒక మూలన ఉన్న బ్రిటనీ ప్రాంతం రైతులు, మాంసం ఫ్యాక్టరీ కార్మికులు, లారీ వాళ్లు 2013లో ఎర్రటోపీలు పెట్టుకుని రోడ్డెక్కారు. మార్కెట్లకు దూరంగా ఉన్నందుకు మేమే ఎక్కువ కట్టాలా అన్నది వాళ్ల గోడు. 1675లో స్టాంపు కాగితం పన్ను మీద అదే ప్రాంతం తిరగబడినప్పటి గుర్తు ఆ టోపీలు. రోడ్డు మీద నిలబెట్టిన టోల్ పోర్టళ్లను తగలబెట్టారు. ప్రభుత్వం ముందు వాయిదా వేసి, మరుసటి ఏడు పన్నునే వదులుకుంది.

స్విట్జర్లాండు కథ వేరు. లారీ బరువు, తిరిగిన దూరం, పొగ స్థాయి మూడూ కలిపి లెక్కగట్టే రుసుము 1998లో ప్రజల ఓటుతోనే నెగ్గింది, 2001లో అమల్లోకి వచ్చింది. దాని రాబడిలో పెద్ద భాగం ఆల్ప్స్ కింద రైలు సొరంగాలకు పోయింది. 57 కిలోమీటర్ల గొటార్డ్ బేస్ సొరంగం 2016లో తెరుచుకుంది. 2000లో ఏటా 14 లక్షల లారీలు స్విస్ ఆల్ప్స్ దాటేవి. ఇప్పుడు పది లక్షల లోపే. ఆరున్నర లక్షలకు దించాలన్న లక్ష్యం ఇంకా తీరలేదు, అయినా దారి మాత్రం అటే. జర్మనీ 2023 డిసెంబరు నుంచి లారీ టోల్‌లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 200 యూరోల చొప్పున కలిపింది. వెంటనే గొడవ మొదలైంది, డీజిల్ ధరలో ఇప్పటికే కర్బన రుసుము కడుతున్నాం కదా అని. 2024 జనవరిలో బెర్లిన్‌లో రైతుల ట్రాక్టర్ల పక్కన లారీలూ నిలబడ్డాయి.

మనదేశంలో ఇలాంటి ప్రయోగం జరిగింది కార్బన్ మీద కాదు, ఢిల్లీ గాలి మీద. 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఢిల్లీలోకి వచ్చే సరుకు లారీల మీద పర్యావరణ పరిహార రుసుము వేసింది. చిన్నవాటికి 700, మూడు యాక్సిల్స్, ఆపై ఉన్నవాటికి 1,300. డిసెంబరులో దాన్ని రెట్టింపు చేసింది. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో ఈ దేశ చట్టంలో భాగం చేసింది కూడా ఆ కోర్టే. రుసుము పడ్డాక ఢిల్లీలో పని లేని లారీలు ఊరి బయట నుంచి వెళ్లడం కొంత పెరిగింది. కానీ వసూలైన డబ్బులో చాలా భాగం ఏళ్లపాటు ఖర్చు కాకుండా పడి ఉందన్న విమర్శ వచ్చింది. దండం సక్రమంగానే పడింది. ప్రాయశ్చిత్తం దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ కాలుష్యం చేసినవాడు ఎవరన్నదాన్ని కోర్టు టోల్ గేటు దగ్గరే తేల్చింది. ఆ లారీ ఎవరి సరుకు మోస్తోందన్నది టోల్ గేటు అడగదు.

సరుకును రైలుకు మార్చవచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. సరైన ప్రశ్నే. టన్ను సరుకును కిలోమీటరు మోయడానికి రైలు లారీకన్నా చాలా తక్కువ ఇంధనం వాడుతుంది. మన బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తం కరెంటు లైనే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సరుకులో 80 శాతం పైగా రైలెక్కేది, ఇప్పుడు నాలుగో వంతు చిల్లర. ఎందుకలా అయిందన్నదానికి ఒక కారణం మన దయాగుణమే. సామాన్యుడి టికెట్టు ధర పెంచకుండా దశాబ్దాలపాటు ఆ నష్టాన్ని సరుకు చార్జీల మీద వేశారు. సరుకు రైలు ఖరీదైంది, లారీకి బేరం పెరిగింది. ప్యాసింజర్ బండిలో పేదవాడికి చేసిన మేలుకు మూల్యం జాతీయ రహదారి మీద పొగగా వెళ్లింది. ఇందులో తప్పెవరిది? మనువు జాబితాలో సబ్సిడీ ఇచ్చినవాడు లేడు. దాద్రీ నుంచి ముంబయి ఓడరేవు వైపు, లూధియానా నుంచి బీహార్‌లోని సోన్‌నగర్ వైపు సరుకుకే ప్రత్యేకంగా వేసిన రైలు మార్గాలు ఈ ముడిని ఉత్తరాన కొంత విప్పుతున్నాయి. కోస్తాంధ్ర మీదుగా అలాంటిది ఇంకా కాగితం మీదే ఉంది. అది వచ్చినా, చెరువు గట్టు నుంచి స్టేషన్‌కూ, హౌరా స్టేషన్ నుంచి మార్కెట్టుకూ మళ్లీ లారీయే.

ఇంతకీ పదమూడు వేల మాట. అత్యంత కఠినమైన లెక్క ప్రకారం చేపల లారీ ట్రిప్పుకు పడిన ఋణం అది. ఒక్క లారీ ఓనరు మీద వేస్తే ఆ ట్రిప్పు లాభాన్ని ఊడ్చేయగల మొత్తం. పది వేల కిలోల చేప మీద వేస్తే కిలోకు రూపాయి ముప్పై పైసలు. హౌరాలో తూకం మీద జరిగే బేరంలో పోయేదానికన్నా తక్కువ. ఒకే పాపం, ఒకచోట మనిషిని ముంచుతుంది, ఇంకోచోట కనిపించనైనా కనిపించదు. రత్నాకరుడి ఇంటివాళ్లు కాదన్నది మోయలేక కాదు.

ఈ రూపాయి ముప్పైని ఓనరు నుంచి తినేవాడి దాకా చేర్చే తోవ లేకపోలేదు. సిమెంటు, ఉక్కు కంపెనీలు పెద్ద ట్రాన్స్‌పోర్టర్లతో రాసుకునే ఒప్పందాల్లో ఒక షరతు మామూలుగా ఉంటుంది. డీజిల్ ధర ఇంత పెరిగితే కిరాయి ఇంత పెరగాలి అని. కర్బన రుసుము ఎప్పుడు వచ్చినా ఆ షరతు మీదుగా సరుకు యజమానికి తనంతట తనే చేరిపోతుంది. బ్రోకరు దగ్గర ఫోన్లో మాట్లాడుకుని, అడ్వాన్సు తీసుకుని బయల్దేరే ఒక్క బండి ఓనరుకు అలాంటి కాగితం లేదు. డీజిల్ పెరిగిన మర్నాడు కూడా అతనికి పాత కిరాయికే లోడు చెబుతారు, కాదంటే వరసలో వెనక బండి ఉంటుంది. పన్ను రేటు ఎంతన్న చర్చకన్నా ముందు, సరుకు పంపేవాడు డీజిల్, కర్బన ఖర్చు పెరిగినప్పుడు కిరాయిలో కలిపి తీరాలన్న నిబంధన బుకింగ్ ఆఫీసు చీటీ మీదకు రావాలి. దాన్ని ఎవరు రాయిస్తారు, రాసినా ఆటోనగర్ గేటు దగ్గర ఎవరు అమలు చేయిస్తారన్నది ఇప్పటిదాకా ఏ పథకంలోనూ కనిపించలేదు.